పంటా లేని, ఇల్లూ లేని నేల: షాద్‌నగర్ దారిలో చలకలు ప్లాట్లవుతున్న తీరు

పొలాలు పోయి కాలనీలు వచ్చాయని చాలా తేలిగ్గా అనేస్తాం, రాత్రికి రాత్రి ఒకటి తీసి ఇంకోటి పెట్టినట్టు. హైదరాబాద్‌కు దక్షిణంగా శంషాబాద్ నుంచి జడ్చర్ల దాకా 44వ నంబరు హైవే దిగి లోపలి రోడ్లలో ఓసారి మెల్లగా తిరిగితే ఆ రెంటి మధ్య ఇంకో దశ కనిపిస్తుంది, అన్నిటికంటే పొడుగైనది అదే. నాగలి ఆగిపోయి ఏళ్లయి ఉంటుంది, ఇల్లు మాత్రం మొదలై ఉండదు. మట్టిరోడ్లు గళ్లుగళ్లుగా వేసి, మోకాలెత్తు రాళ్లు పాతి, వాటి తలకు రంగు పూసి నంబర్లు రాసి ఉంటాయి. ఎండకూ వానకూ ఆ నంబర్లు సగం చెరిగిపోయి, రాళ్ల మధ్య సర్కారు తుమ్మ మనిషెత్తు లేచి, ఏ రాయి ఎవరిదో కొన్నవాళ్లే వెతుక్కునే పరిస్థితి. రోడ్డు మొదట్లో ఆర్చి ఒకటి రంగు వెలిసిపోయి నిలబడి ఉంటుంది. అందులో మేకలు మేస్తుంటాయి, బతుకమ్మ రోజులొస్తే పక్క ఊరి ఆడవాళ్లు తంగేడు, గునుగు కోసుకుపోతారు.

రెవెన్యూ రికార్డు అడిగితే ఇది వ్యవసాయం అనో, వ్యవసాయేతరం అనో ఏదో ఒకటే చెబుతుంది. ఈ మధ్య దశకు అక్కడ పేరు లేదు. కానీ ఈ శివారు ఎలా పెరిగిందో అర్థం కావాలంటే దీన్నే చూడాలి, ఎందుకంటే లాభం ఎవరికో, నష్టం ఎవరికో తేలిపోయేది ఇక్కడే, ఇళ్లు లేవకముందే.

అసలు ఈ దారే ఎందుకు? ఇటువైపు నేల ఎక్కువగా ఎర్ర చలక. వానొస్తే పంట, లేకుంటే బీడు. ఒకప్పుడు జొన్న, ఆముదం, కంది వేసేవాళ్లు, తర్వాత మొక్కజొన్న, పత్తి వచ్చాయి, బోర్లు వచ్చాయి, ఆ బోర్లు ఎండిపోవడమూ వచ్చింది. పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా నుంచి, కూలీలను కుదిర్చే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని దేశమంతా డ్యాములు, కాలువలు, రోడ్లు కట్టడానికి పోయినవాళ్లు తరాల తరబడి ఉన్నారు. సొంత చేను ఉండి కూడా ఇంకో రాష్ట్రంలో మట్టి మోశారంటే ఆ చేను వాళ్లను సాకలేకపోయిందనే. కృష్ణ నీళ్లు కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు ఎత్తిపోతల ద్వారా జిల్లా దక్షిణానికి కొంత చేరాయి గానీ, షాద్‌నగర్ వైపుకు రావాల్సినవి పాలమూరు-రంగారెడ్డి పథకంలోవి. దానికి 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగింది, 2023 సెప్టెంబరులో నార్లాపూర్ దగ్గర మొదటి పంపు తిప్పారు. షాద్‌నగర్ దగ్గర అనుకున్న లక్ష్మీదేవిపల్లి రిజర్వాయరు ఆ వరసలో ఆఖరిది. అంటే నీళ్లు అన్నిచోట్లా నిండి చివరికి ఇటు రావాలి. కొనేవాళ్లు మాత్రం ఈ దారిలో ముందు మెట్టు నుంచే మొదలుపెట్టారు, ఎందుకంటే వాళ్లొచ్చింది హైదరాబాద్ వైపు నుంచి.

వాళ్లను తీసుకొచ్చింది 2008. ఆ ఏడాది మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచారు, నవంబరులో ఔటర్ రింగ్ రోడ్డులో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ వరకు మొదటి ముక్క తెరిచారు, అదే ఏడాది హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ ఏర్పడి అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని కొత్తూరు, షాద్‌నగర్ వైపు కూడా దాని గీత లోపలికి వచ్చాయి. హైవే నాలుగు లైన్లయింది, రాయికల్ దగ్గర టోల్‌గేటు పడింది, కొత్తూరు చుట్టూ ఫ్యాక్టరీలు పెరిగాయి. 2016 అక్టోబరు 11న జిల్లాలను విడగొట్టినప్పుడు షాద్‌నగర్, కొత్తూరు, ఆమనగల్లు రంగారెడ్డి జిల్లాలో కలిశాయి. నేల అదే నేల, వాన అదే వాన, కానీ బ్రోచర్ మీద మహబూబ్‌నగర్ జిల్లా పోయి రంగారెడ్డి జిల్లా అని పడింది. ఆ ఒక్క మాటకు ఎంత విలువో ప్లాట్లు అమ్మేవాళ్లకు బాగా తెలుసు. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్, మహబూబ్‌నగర్ మధ్య 85 కిలోమీటర్ల రైలుమార్గం డబుల్ లైనుగా జాతికి అంకితమైంది. ఇలా ఒక్కోటి వచ్చినప్పుడల్లా ధర ఒక మెట్టు ఎక్కింది, నిజానికి వస్తుందన్న మాట పుట్టినప్పుడే ఎక్కింది.

రైతు ఎందుకు అమ్ముతాడంటే ఆశకు పోయి అనేస్తారు చాలామంది. అది అన్యాయమైన మాట. లెక్క చూస్తే తెలుస్తుంది. వానాధారం చలకలో ఎకరానికి ఏడు క్వింటాళ్ల పత్తి తీస్తే బాగానే తీసినట్టు. 2024-25లో పొడుగు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు, ఏడు క్వింటాళ్లకు 52 వేల చిల్లర. ఇందులోంచి దున్నకం, విత్తనం, ఎరువు, పురుగుమందు, ఏరిన కూలి, మిల్లుదాకా బండి కిరాయి అన్నీ పోవాలి. ఇప్పుడు ఆ ఎకరాన్ని 50 లక్షలకు అడిగారనుకుందాం, హైవేకి దగ్గరగా ఉంటే ఇంతకు చాలా ఎక్కువే అడుగుతారు. ఆ డబ్బు ఆరు శాతం వడ్డీకి బ్యాంకులో వేసి ఊరికే కూర్చున్నా ఏడాదికి 3 లక్షలు. ఖర్చులు తీయకముందు పత్తి మీద వచ్చినదానికి అయిదున్నర రెట్లకు పైనే. కూతురి పెళ్లి, ఇంటి అప్పు, ఆస్పత్రి ఖర్చు, కొడుకు చదువు, ఇవన్నీ నెత్తిన ఉన్నవాడు ఈ తేడాను చూసి కూడా అమ్మకుండా ఎన్నాళ్లుంటాడు?

ఇంకా బలమైన కారణం ఒకటుంది, బయటివాళ్లకు అంతగా కనిపించదు. పక్క చేను అమ్ముడుపోవడం. చుట్టూ నాలుగు చేన్లు పోయి రాళ్లు పడ్డాయంటే మధ్యలో మిగిలిన చేనుకు బండ్ల బాట మూసుకుపోతుంది. అప్పటిదాకా పది చేన్ల మీద పంచుకుని పడ్డ అడవి పందులన్నీ ఆ పచ్చగా ఉన్న ఒక్కదాని మీదే పడతాయి, తుమ్మ పొదల్లో పగలంతా దాక్కోవడానికి వాటికి చోటు కూడా దొరికింది కదా. ఒక్క ఎకరం కోసం ట్రాక్టరువాడు అంతదూరం రానంటాడు. కలుపుకు మనుషులు దొరకరు. రాత్రంతా కాపలా కాసి కాసి ఇక వల్లకాక అమ్మినవాడిని కూడా ఊళ్లో అందరూ డబ్బుకు అమ్మాడనే చెప్పుకుంటారు. కాబట్టి అమ్మకం ఎవరికివాళ్లు చేసుకునే నిర్ణయంలా కనబడుతుంది గానీ, మొదటి రెండు మూడు చేన్లు పోయాక మిగతావి పోవడం దాదాపు ఖాయమే.

కొన్నవాళ్ల వైపు లెక్క ఇంకోలా ఉంటుంది. ఎకరానికి 4,840 గజాలు. రోడ్లకు పోను, రూల్ ప్రకారం పది శాతం ఖాళీ స్థలం వదలగా, అమ్ముకోవడానికి 2,600 గజాల దాకా మిగులుతుంది. గజం 8 వేలు అనుకున్నా 2 కోట్ల పైమాట. 50 లక్షల ఎకరం 2 కోట్లు కావడానికి అందులో పడింది మట్టిరోడ్లు, కరెంటు స్తంభాలు, కాలువలాంటిది ఒకటి, ఆర్చి, ఏజెంట్ల కమీషన్లు. పైగా చాలాచోట్ల రైతుకు ముందు ఇచ్చేది బయానా మాత్రమే. అగ్రిమెంటు రాసుకుని గడువు పెట్టుకుంటారు, ఆ గడువులోనే ప్లాట్లు అమ్మి, కొన్నవాళ్లు కట్టిన డబ్బుతోనే రైతుకు మిగతాది కడతారు. మార్కెట్ బాగున్నంతకాలం ఇది నడుస్తుంది. మందగించిందా, రైతు డబ్బు ఆగుతుంది, కొన్నవాడి రిజిస్ట్రేషన్ ఆగుతుంది, భూమి ఎవరికీ కాకుండా బీడు పడుతుంది. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలన్న నిబంధన ఇలాంటివి ఆపడానికే వచ్చింది. కొనేముందు ఆ నంబరు అడిగేవాళ్లు మాత్రం ఇప్పటికీ తక్కువే, సైట్ విజిట్‌కు ఏసీ బండి పంపితే అదే పెద్ద నమ్మకం అయిపోతోంది.

అమ్మిన రైతు వ్యవసాయం మానేస్తాడనుకోవడం కూడా పొరపాటు. కొత్తూరు దగ్గర రెండెకరాలు అమ్మినవాడు మిడ్జిల్ వైపో, వెల్దండ వైపో, ఇంకా కిందికో వెళ్లి అయిదారెకరాలు కొంటాడు. పన్ను చట్టం కూడా అటే తోసింది: మున్సిపాలిటీ పరిధిలోకో, దాని దగ్గరికో వచ్చిన పొలం అమ్మితే వచ్చిన లాభం మీద పన్ను పడుతుంది, రెండేళ్లలోపు ఇంకోచోట వ్యవసాయ భూమి కొంటే 1961 ఆదాయపన్ను చట్టం 54బి సెక్షన్ కింద మినహాయింపు ఉండేది. దాంతో శివారు డబ్బు ఊరి నుంచి ఊరికి దక్షిణంగా నడుచుకుంటూ పోయింది. అక్కడ నిజంగా సేద్యం చేసుకుంటూ పక్క ఎకరం కొనుక్కుందామనుకున్న చిన్న రైతుకు ఆ ఎకరం ఇక అందదు. హైదరాబాద్‌కు వంద కిలోమీటర్ల అవతల, ఏ కాలనీ వాసనా లేని ఊళ్లో కూడా భూమి ధరకూ దాని మీద పండేదానికీ సంబంధం తెగిపోయింది ఇందుకే.

మరి ఇన్ని ప్లాట్లు కొన్నారు కదా, ఇళ్లు ఎందుకు లేవడం లేదు? కొన్నవాళ్లకు అక్కడ ఉండే ఉద్దేశమే లేదు కాబట్టి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉద్యోగి, వనపర్తిలో టీచరు, దుబాయిలో మేస్త్రీ, వీళ్లంతా పిల్లల పేరిట దాచుకున్న డబ్బు అది. బంగారం కొన్నట్టు కొన్నారు. వీళ్లలో దురాశ ఉన్నవాళ్లు తక్కువ, భయం ఉన్నవాళ్లే ఎక్కువ: ఇప్పుడు కొనకపోతే ఇక కొనలేమన్న టెన్షన్. బంగారమైతే బీరువాలో ఉంటుంది, భూమిని ఇలా దాచుకుంటే దాని మీద పండాల్సింది పండదు, ఉండాల్సినవాళ్లు ఉండరు.

నిజంగా జనం పెరిగింది ఇంకోచోట. కొత్తూరు, నందిగామ లాంటిచోట్ల సాయంత్రం షిఫ్టు వదిలే వేళకు చూస్తే తెలుస్తుంది. ఒడిశా, బీహార్, జార్ఖండ్ నుంచి వచ్చిన కుర్రాళ్లు పాత ఊరి అంచున కట్టిన రేకుల గదుల వైపు నడిచిపోతుంటారు. ఒకప్పటి పశువుల కొట్టం ఉన్న జాగాలో వరసగా ఆరేడు గదులు, అందరికీ కలిపి ఒకటో రెండో బాత్రూములు, గుమ్మం ముందు తాడు మీద యూనిఫాం చొక్కాలు. కిరాణా కొట్టు బోర్డు మీద హిందీ అక్షరాలు చేరాయి. ఈ గదులు కట్టించి కిరాయిలతో బతుకుతున్నవాళ్లలో భూమి అమ్మగా వచ్చిన డబ్బు కాస్తయినా ఊళ్లోనే పెట్టినవాళ్లు ఉన్నారు, ఈ మొత్తం వ్యవహారంలో కాస్త నిలదొక్కుకున్నది వాళ్లే అనిపిస్తుంది. ఊరు ఇక్కడ కిక్కిరిసిపోతుంటే కిలోమీటరు అవతల వందల ప్లాట్ల వెంచరు ఖాళీగా ఉంటుంది. ఫ్యాక్టరీలో పనిచేసేవాడికి ఆ ప్లాటు కొనే శక్తి లేదు, కొన్నవాడికి ఆ ఫ్యాక్టరీతో పని లేదు. శివారు పెరుగుదల అని మనం పిలుస్తున్నదాంట్లో ఈ రెండూ అసలు కలవనే లేదు.

కాగితం మీద పేరు లేనివాళ్ల సంగతి ఎవరూ అడగరు. చేను అమ్మితే పట్టాదారుకు డబ్బు వస్తుంది. ఆ చేనును పదేళ్లుగా కౌలుకు చేస్తున్నవాడికి ఒక్క రూపాయి రాదు. అందులో కలుపు తీసి, పత్తి ఏరి ఏడాదిలో నాలుగైదు నెలల కూలి చూసుకునే ఆడవాళ్లకు పని పోతుంది. వాళ్లను కంపెనీ బస్సులు ఎక్కించుకోవు, ఆటోలో కిక్కిరిసి ఇంకా దూరంగా ఉన్న చేన్లకు పోవాలి. గొర్రెల మందకు కోత అయ్యాక చేన్లలో మేపుకునే హక్కు ఎవరూ రాసివ్వలేదు గానీ ఎప్పటినుంచో ఉంది, ప్రహరీ లేవగానే అదీ పోయింది. 2018 మేలో మొదలైన పంట పెట్టుబడి సాయం రైతుబంధు పట్టా ఉన్నవాళ్లకే వచ్చింది, రికార్డులో ఇంకా వ్యవసాయ భూమిగానే ఉన్న వెంచర్లకూ వచ్చింది. అంటే రాళ్లు పాతిన బీడుకు పంట పెట్టుబడి దక్కింది, పక్కనే సాగుచేస్తున్న కౌలురైతుకు దక్కలేదు. 2025 జనవరి 26న దాని స్థానంలో మొదలైన రైతుభరోసాలో రియల్ ఎస్టేట్ వెంచర్లను, సాగుకు పనికిరాని భూములను తీసేయాలని నిర్ణయించారు. మంచిదే. కానీ భూరికార్డుల పోర్టల్ ధరణితో కనిపించకుండా పోయిన అనుభవదారు (నిజంగా సాగుచేసేవాడి) కాలమ్, దాని స్థానంలో వచ్చిన భూభారతిలో నిజంగా నిండితే తప్ప కౌలురైతు ఉన్నట్టు ప్రభుత్వానికి తెలిసే దారి లేదు.

ప్రభుత్వమే భూమి తీసుకున్నచోట గాయం ఇంకా లోతుగా ఉంది. జడ్చర్ల పక్కన పోలేపల్లిలో ఇరవై ఏళ్ల కిందట పారిశ్రామిక వాడ పేరుతో వెయ్యెకరాల దాకా సేకరించారు, తర్వాత అది సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) అయింది, మందుల కంపెనీలు వచ్చాయి. అప్పటి పరిహారానికీ తర్వాతి ధరలకూ పోలికే లేదు. భూమి పోయినవాళ్లు 2009 పార్లమెంటు ఎన్నికల్లో తామే నామినేషన్లు వేసి బరిలో నిలిచారు, ఇంకెలా చెబితే వింటారో తెలియక. వెంచరుకు అమ్మినవాడికి కనీసం బేరమాడే అవకాశం ఉంది. సేకరణలో అదీ లేదు, ప్రభుత్వం పేదలకు పంచిన అసైన్డ్ భూమి ఉన్నవాళ్లకైతే మరీ లేదు, ఎందుకంటే 1977 చట్టం ప్రకారం దాన్ని వాళ్లు అమ్ముకోలేరు, ప్రభుత్వం మాత్రం అవసరమంటే వెనక్కి తీసుకోగలదు.

పదేళ్లకో, పదిహేనేళ్లకో చివరికి ఇల్లు కట్టుకోవడానికి ఒకడు వస్తాడు. అప్పుడు బయటపడేవి ఇంకో రకం కష్టాలు. లేఅవుట్‌కు అనుమతి లేదని తెలుస్తుంది. 2020లో అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే ఎల్‌ఆర్‌ఎస్ పెట్టినప్పుడు రాష్ట్రమంతా కలిపి 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయంటే ఎంతమంది ఇలా కొన్నారో ఊహించుకోవచ్చు. లేఅవుట్‌లో వదలని ఖాళీ స్థలానికి బదులుగా ప్లాటు విలువలో 14 శాతం కట్టమన్నారు. ఆ డబ్బు కడితే కాగితం సరవుతుంది, పార్కు మాత్రం రాదు, జాగా ఎప్పుడో అమ్ముడుపోయింది కదా.

తర్వాత నీళ్లు. 200 గజాల ప్లాటు అంటే 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు. ముందు మూల బోరు, వెనక మూల సెప్టిక్ ట్యాంకు. మురుగు పైపు ఊళ్లోకే రాలేదు కాబట్టి పక్కింటివాళ్లూ అలాగే కట్టుకుంటారు, వీళ్ల ట్యాంకు వాళ్ల బోరుకు ఇంకా దగ్గర. మొదటి నాలుగిళ్లు ఉన్నన్నాళ్లు ఏమీ తెలియదు, నలభై ఇళ్లయ్యాక వాసన మొదలవుతుంది, ఎండాకాలం ట్యాంకర్ మొదలవుతుంది.

ఇక ఒర్రెలు. చలకల్లో పడ్డ వాన చిన్న చిన్న ఒర్రెల్లో చేరి కుంటకు, కుంట అలుగు దూకి కింది చెరువుకు పోతుంది. ఏడాదిలో పది నెలలు ఆ ఒర్రె ఎండిపోయి మామూలు పల్లంలా ఉంటుంది, పైగా దాని మీదుగా ఎవరిదో పట్టా ఉంటుంది. డోజరు పెట్టి చదును చేస్తే ఒక్క పూటలో మాయం. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చాలా కుంటలకు పూడిక తీశారు, కట్టలు పోశారు. కానీ కుంటలోకి నీరు తెచ్చే దారి వెంచరు కింద పడితే పూడిక తీసి ఏం లాభం? నీళ్లు పాత దారినే వెతుక్కుని 118వ నంబరు ప్లాటులోని ఇంటి హాల్లోకి వస్తాయి. చెరువులు, నాలాల కబ్జాలు చూడటానికి పెట్టిన హైడ్రా ఔటర్ రింగ్ రోడ్డు దాకానే, షాద్‌నగర్‌లో అది లేదు.

ఇదంతా ఇప్పుడు ఇంకా దక్షిణానికి జరుగుతోంది. ఔటర్‌కు అవతల వేయబోయే రీజినల్ రింగ్ రోడ్డు దక్షిణ భాగం చౌటుప్పల్ నుంచి ఆమనగల్లు, షాద్‌నగర్ మీదుగా సంగారెడ్డికి అంటున్నారు. 2025 మార్చిలో, ప్రభుత్వం తలపెట్టిన కొత్త నగరం ఫ్యూచర్ సిటీ కోసం ఏడు మండలాల్లోని 56 గ్రామాలతో కొత్త అథారిటీ ఏర్పాటు చేశారు, అందులో ఆమనగల్లు, కడ్తాల్ ఉన్నాయి. అదే నెలలో హెచ్‌ఎండీఏ పరిధినీ రీజినల్ రింగ్ రోడ్డు దాకా పెంచారు. శ్రీశైలం రోడ్డు మీద బోర్డులు చూస్తే 2008 తర్వాతి కొత్తూరు ఎలా ఉండేదో అలాగే ఉంది. తేడా ఒకటే, అక్కడ చాలా చేన్లలో ఇంకా పత్తి ఉంది. అంటే పెద్ద రోడ్లు ఎటు పోవాలి, మురుగు ఎక్కడ చేరాలి, పనివాళ్లకు చవక ఇళ్లకు ఎంత నేల పక్కన పెట్టాలి, ఇవన్నీ ప్లాట్లు పడకముందే గీసుకునే వీలు అక్కడ ఇంకా మిగిలి ఉంది, షాద్‌నగర్‌కు ఆ వీలు దొరకలేదు. అన్నిటికంటే ముందు గీయాల్సింది ఒర్రెల పటం. దానికి పెద్ద ఖర్చేమీ లేదు. ఊరి చెరువు తూము ఎత్తి దించే నీరటి ఇంకా ఉన్న ఊళ్లు ఆ మండలాల్లో ఉన్నాయి. ఏ చేను మీదుగా ఏ వానకు ఎంత నీరు పారుతుందో అతనికి తెలుసు. సర్వేయరు ఒక వానాకాలం అతని వెంట తిరగాలి, రాళ్లు పాతేవాళ్లు రాకముందే.